తీగకు కావలి
తీగలో ప్రవాహము రెట్టింపైనచో పుట్టు వేడి నాలుగు రెట్లగునని జౌల్ 1841లో చూపెను. ఇండ్లలో విద్యుద్దీపములు వెలిగించుటకు పూనుకొన్న ఎడిసన్‌కు ఈ వేడియే చిక్కైనది. అందుచే 1880లో ఆయన ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను: ప్రవాహము హద్దు మీరినచో తీగలకంటె ముందుగా కరిగిపోవు సన్నని లోహపు ముక్క. అదియే ఫ్యూజు. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున హ్యూగో ష్టోట్జ్ సంస్థ, కరగుటకు బదులు తనంతట తానే విడిపోవు చిన్న బ్రేకరుకు పేటెంటు పొందినది. దాని మీట ఎత్తినచో మరల పనిచేయును.

ఈ రెండును కాచునది ముఖ్యముగా దీపమును కాదు, తీగను. కావున బ్రేకరుపై అంకె తీగ భరింపగల ప్రవాహమును మించరాదు. మాటిమాటికి పడిపోవుచున్నదని 10 ఆంపియర్ల తీగకు 20 ఆంపియర్ల బ్రేకరు వేసినచో, నాలుగు రెట్ల వేడికి గోడలోని తీగయే ఫ్యూజు కావలసివచ్చును.