గుర్రపు వెన్నుకు చికిత్స: ఒక చదువు పుట్టుక

గుర్రాల కైరోప్రాక్టిక్‌కు మూలం అమెరికాలో మనుషులకు చేసిన చికిత్స. వెన్నెముక కీళ్లను చేత్తో తడిమి, కదలిక తగ్గినచోట చురుగ్గా ఒత్తి సర్దడం దాని పద్ధతి. ఐయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో అయస్కాంత వైద్యం చేసే డి.డి. పామర్, 1895లో హార్వీ లిల్లార్డ్ అనే వ్యక్తి వెన్ను సర్ది, పోయిన వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. రెండేళ్లకు బడి పెట్టాడు. వెన్నుకూ చెవుడుకూ పెట్టిన ఆ ముడిని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. బడి మాత్రం నిలిచింది.

ఆ బడిలో చదివిన మేరీ వాకర్ దగ్గర ఇంగ్లండ్‌లో జాన్ మెక్‌టిమొనీ విద్య నేర్చాడు. మనుషులతోపాటు జంతువులకూ చికిత్స చేసిన ఆయన 1972లో శిష్యులను చేర్చుకున్నాడు. పశువైద్యుడి పర్యవేక్షణలో ఇతరులు ఇలాంటి చికిత్స చేయడానికి బ్రిటన్‌లో 1962 నాటి ఉత్తర్వు వీలిచ్చింది. అందుకే అక్కడ పశువైద్య పట్టా లేనివారికీ ఈ వృత్తిలో చోటు దొరికింది.

అమెరికాలో చిక్కు వేరు. జంతువుల వైద్యం పశువైద్యులది. కైరోప్రాక్టర్ల లైసెన్సు మనుషుల వరకే. ఒకరికి గుర్రం తెలుసు, చేతిపని రాదు. రెండోవారిది సరిగ్గా దానికి తిరగేసిన పరిస్థితి. రెండు పట్టాలూ ఉన్న షారన్ విలోబీ ఇల్లినాయిలో ఈ ఇద్దరికీ కలిపి పాఠాలు మొదలుపెట్టారు. 1989లో అమెరికన్ వెటర్నరీ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఏర్పడింది. ముందే ఈ రెండు పట్టాల్లో ఒకటి ఉన్నవారికే ప్రవేశమన్న నియమమే ఈ చదువుకు అసలు పునాది. అది లేకుంటే ఇది వారాంతపు తరగతుల వ్యాపారంగా మిగిలేది.

విడతలవారీగా సాగే ఈ కోర్సు నేడు రెండు వందల గంటలు దాటుతుంది. చివర రాతపరీక్ష, చేతిపని పరీక్ష ఉంటాయి. గుర్రానికి మెడలో 7, వీపులో 18, నడుములో సాధారణంగా 6 వెన్నుపూసలు. జీను, రౌతు బరువు పడేది వీపు మీదే. అంత ఎత్తున్న వీపు మీద సరైన కోణంలో ఒత్తాలంటే పీట మీదో గడ్డిమోపు మీదో నిలబడాలి. బలం కన్నా వేగం, దిశ ముఖ్యం. ఎక్కడ చెయ్యి వేయకూడదో తెలియడం అంతకన్నా ముఖ్యం. విరిగిన ఎముక, నరాల జబ్బు ఉంటే ఒత్తిడి ప్రమాదం. కాలి నొప్పితో నడక మార్చుకున్న గుర్రం వీపు బిగుసుకుంటుంది. అప్పుడు వెన్ను సర్ది పంపిస్తే అసలు రోగం అలాగే ఉండిపోతుంది.

"ఎముక పక్కకు జరిగింది" అన్న పాత మాటను పాఠాలు క్రమంగా వదిలేసి, కీలు కదలిక తగ్గిందని చెప్పసాగాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కెవిన్ హాస్లర్ వంటివారి పరిశోధనలు ఈ చికిత్స తర్వాత నొప్పిని తట్టుకునే స్థాయి పెరగడాన్ని, వెన్ను కదలికలో మార్పును కొలిచాయి. అయితే అవి కొద్ది గుర్రాల మీద జరిగినవి. పందెం గెలిపిస్తుందనే ప్రచారానికి ఆధారం కావు.

పట్టా చేతికొచ్చినా అమెరికాలో అనుమతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల పశువైద్యుడు పంపితేనే కైరోప్రాక్టర్ గుర్రాన్ని ముట్టుకోవాలి. మరికొన్నిచోట్ల ఆ పని పశువైద్యుడే చేయాలి.