పైలట్ కోరు

మే నెల మధ్యాహ్నం. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందుగది. నేల మీద పాత పేపరు పరిచి కూర్చున్నాను. మూత విప్పిన నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎదురుగా వెల్లకిలా పడి ఉంది. పక్కన అగ్గిపెట్టెంత ఈఎస్‌పీ8266 వైఫై బోర్డు, నాలుగు నీలం రిలేలు, వేడెక్కుతున్న సోల్డరింగ్ ఐరన్. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద అప్పుడే సన్నటి నల్లపొర పేరుకుంది.

ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి ధన్‌మని మోత. కిటికీ రెక్కలు గలగలమంటాయి. బ్లాస్టింగ్. ఇంట్లో ఎవరూ తలెత్తరు. నేనొక్కణ్నే కరిగిన సీసం జారకుండా చెయ్యి బిగబట్టి ఆగుతాను.

మంచం మీంచి వంగి చూస్తున్నాడు బాపు. ముప్పై ఏళ్లు గనిలో ఎలక్ట్రీషియన్.

"గీ నీలం డబ్బ పది ఆంప్సులు మోస్తదా?"

"దాని మీద గట్లనే రాసున్నది బాపూ."

"రాసుడుకేంది! కింద రాగి గీత సూడు, ఎంత సన్నగున్నదో."

నిజమే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకే నాలుగు ఆంప్సులు దాటుతుంది, రెండు వేల వాట్ల గీజర్‌కు తొమ్మిది దాకా కావాలి. ఆ రెండూ ఈ బాక్సు దగ్గరికి రాకూడదని అప్పుడే తీర్మానమైపోయింది. కూలరు, టేబుల్ లైటు, ఫోన్ ఛార్జరు, దోమల మిషను, అంతే. వాటన్నిటి ముందు ఐదు ఆంప్సుల ఫ్యూజు.

ఇదెలా పనిచేస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. చిప్పు కాలు నుంచి వచ్చేది 3.3 వోల్టులు. దాంతో ఆప్టోకప్లర్‌లో చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఆ వెలుగు పడి అవతలి ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది, ఐదు వోల్టుల కాయిలు ఒక రేకును లాగుతుంది, ఆ రేకు 230 వోల్టుల ఫేజును కలుపుతుంది... పూర్తి కాకుండానే బాపు నవ్వాడు.

"గిది పైలట్ కోరే గదరా!"

బొగ్గుకు బెజ్జం వేసే డ్రిల్లు కేబుల్‌లో మూడు ఫేజులు, ఎర్తు కాక ఐదోది ఇంకో వైరు ఉండేది. పిడి దగ్గర స్విచ్చు నొక్కితే, గ్యాసును అంటించలేనంత కొద్దిపాటి కరెంటు దానిలో పారేది. దానికే దూరాన ప్యానెల్‌లో కాంటాక్టర్ పట్టేది. మీథేన్ ఉన్న చోట పెద్ద కరెంటును మనిషి చేతి దగ్గర తెంచకూడదు మరి. నేను వీడియోలు చూసి నేర్చిన విద్య పేరు మార్చుకుని ఈ ఇంట్లోనే ఉందన్నమాట.

డబ్బా దగ్గర మాత్రం మాకు కుదరలేదు. ఇనప డబ్బా కావాలంటాడు. ఆయన చేతులు తిరిగింది ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల మధ్య: గ్యాసు లోపలికి దూరదని కాదు, లోపల పేలినా మంట వెడల్పాటి అంచుల సందులోంచి వచ్చేసరికి చల్లారిపోవాలి, అంత మందం. ఇనుములో పెడితే వైఫై అందదు బాపూ అంటే ఓ నిమిషం ఊరుకుని, "ప్లాస్టిక్ కాలుతది గదా," అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దళసరి డబ్బా వెతికి, 230 వోల్టుల వైర్లు ఒక పక్కకు, చిప్పు ఇంకో పక్కకు దూరంగా బిగించాను.

ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. రిలే తెంచాల్సింది ఫేజునే. ఎర్తు మధ్యలో ఎక్కడా తెగకూడదు. మొదట డీ3, డీ4 కాళ్లకు రిలేలు తగిలించాను. బోర్డు మేల్కొనేటప్పుడు ఆ కాళ్లకు వేరే పనుంటుంది, ప్లగ్గు పెట్టగానే టకటకమని కొట్టుకున్నాయి. డీ1, డీ2, డీ5, డీ6కి మార్చాక సద్దుమణిగాయి. ఆ ప్లగ్గునూ నేరుగా గోడ సాకెట్లో పెట్టనివ్వలేదు బాపు. వంద వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి చూశాం. షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది. వెలగలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. డాబా ఎక్కితే రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. మన సింగరేణి బొగ్గుతోనే అక్కడి పాత ఏడు యూనిట్లు 2,600 మెగావాట్లు పుట్టించగలవు. దీపం కింద చీకటి. కాసేపటికి కరెంటు రాగానే అన్నీ వాటంతటవే వెలిగాయి. నేను మురిసిపోయాను.

బాపు మొహం మాడింది. "అండర్‌గ్రౌండ్‌ల కరెంటు వోయి మల్లస్తే మోటరు దానంతటది తిరగొద్దు. బెల్టు మీద ఎవలన్న కాలు వెట్టుంటే?"

బోర్డులో ఎక్కించిన టాస్మోటా సాఫ్ట్‌వేర్‌లో పవర్‌ఆన్‌స్టేట్ అని ఒక ఆజ్ఞ ఉంది. ఊరికే వదిలేస్తే, పోకముందు ఉన్నట్టే మళ్లీ పెడుతుంది. దానికి సున్నా ఇచ్చాను, ఇక కరెంటు వచ్చినా అన్నీ ఆఫ్‌లోనే ఉంటాయి. వంటింట్లోంచి అమ్మ: "నడిరాత్రి కరెంటు వోయొస్తే కూలర్ ఎవలెయ్యాలె? నేనేనా?"

బాపు మీసం సవరించుకున్నాడు. "కూలర్‌కొక్కదానికి ఇడిసిపెట్టు."

బోర్డు మేల్కోగానే కూలర్ రిలే వేయమని ఒక చిన్న రూలు రాశాను.

రాత్రి పదకొండు దాటింది. సెకండ్ షిఫ్టు దిగిన తమ్ముడి బండి గేటు ముందు ఆగింది. అమ్మ లేవలేదు. నేను ఫోన్‌లో నొక్కాను. చీకట్లో టక్‌మంది, టేబుల్ లైటు వెలిగింది.

కళ్లు తెరవకుండానే అన్నాడు బాపు: "పట్టింది. రేపు ఫ్యూజులు రెండు ఎక్కువ తెచ్చిపెట్టు."