వృద్ధులకు ఆలస్యముగా నందిన పాఠము

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1846వ సంవత్సరమున రెండు ప్రసూతిశాలలుండగా, మంత్రసానులు పని నేర్చుకొను రెండవదానికంటె వైద్యవిద్యార్థులు మసలు మొదటిదానియందు బాలింతల మరణములు నాలుగింతలుగా నుండుటచే, నిండుచూలాండ్రు తమ్మును మొదటిశాలకు బంపవలదని కాళ్లావేళ్లా బడి వేడుకొనుచుండిరి. 1847 మార్చిలో అచటి యధ్యాపకుడగు కొలెచ్కా, శవపరీక్షా సమయమున శిష్యుని కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని మృతినొందగా, ఆయన దేహమున గానవచ్చిన వికారములు బాలింతల దేహములందలి వికారములే యగుట గమనించి, శవాగారమునుండి కాన్పుగదికి వచ్చు చేతులే మృత్యువును మోసికొని వచ్చుచున్నవని మొదటిశాల వైద్యుడును ఆయన మిత్రుడును నగు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ నిశ్చయించెను. సబ్బునకు లొంగని శవగంధము పోవువరకు క్లోరిన్ నీట చేతులు తోమికొననిదే యెవ్వరును రోగిని తాకరాదని మేనెలలో నాయన కట్టడిచేయగా, ఏప్రిల్‌లో నూటికి 18గా నుండిన మరణములు జూన్‌లో 2కు దిగినవి. అయినను తన సిద్ధాంతమును గ్రంథముగా వెలువరించుటకు 1861 దాక జాగుచేసెను. అందును బోధకంటె దూషణ మెండు. 1865 ఆగస్టు 13వ తేదీన, పిచ్చాసుపత్రిలో, గాయము చీముపట్టి యాయనయే మరణించెను. అంతకు ముందునాడే గ్లాస్గోలో శస్త్రవైద్యుడగు జోసెఫ్ లిస్టర్, బండిచక్రము క్రిందబడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు, చీముపట్టకుండుటకై, కార్బాలిక్ ఆమ్లమున తడిపిన గుడ్డ కట్టియుండెను.

ఈ పాఠములు బాలింతలను, క్షతగాత్రులను గాచినవి. ముదుసలుల మాటయో? వారికి ఊపిరితిత్తులందో మూత్రాశయమందో పుట్టిన దోషము దేహమంతయు వ్యాపించి ప్రాణము గొన్నచో, లోకము దానిని కాలధర్మమనియే సరిపుచ్చుకొనెను. విలియం ఆస్లర్ వంటి వైద్యశిఖామణియే న్యుమోనియాను వృద్ధుల మిత్రునిగా తన పాఠ్యగ్రంథమున వర్ణించెను. 1919లో డెబ్బదేండ్ల ప్రాయమున ఆయనను వారములకొలది మంచమున బడవైచి గొనిపోయినదియు నా మిత్రుడే!

క్రిములతో పోరాడవలసిన దేహశక్తి యదుపుతప్పి తన యవయవములనే చెరచుట సెప్సిస్ యని నిపుణులు 2016లో నిర్వచించిరి. మరుసటియేట ప్రపంచ ఆరోగ్యసభ దీని నివారణకును సత్వర చికిత్సకును పూనుకొనవలెనని సర్వదేశములను గోరినది. నాటినుండియైన వృద్ధులకు విడిగా బోధింపవలసిన దొకటి కలదు: జ్వరము వచ్చితీరవలెనన్న నియమము వారి పట్ల లేదు, ఒక్కొక్కయెడ ఒంటివేడి మామూలుకంటె దిగజారును. నిన్నటివరకు మనుమలను పేరుపేరున పిలిచిన అవ్వ నేడు తానున్న గది యేదో యెరుగక సంధిమాటలాడుట, ఆయాసపడుట, మూత్రము తగ్గుట, కాలుసేతులు చల్లబడుట — ఇవి తరచుగా జ్వరముకంటె ముందు పలుకు సాక్షులు. ఇంటివారేమో థర్మామీటరు చూచి, ‘వయసు మీదపడినది గదా’ యని దుప్పటి కప్పుదురు. అందుచేతనే నేటి ప్రచారకులు, అట్టి మార్పు కనబడిన గడియనే ఆసుపత్రికి బోయి, ‘ఇది సెప్సిస్ కావచ్చునా?’ యని వైద్యుని నిస్సంకోచముగా నడుగుడని రోగికిని బంధువులకును నేర్పుచున్నారు. వియన్నా ప్రసూతిశాలలో నే స్త్రీకిని అట్టి ప్రశ్న వేయు నధికారము లేకుండెను.