బౌలింగ్ బంతికి యుద్ధనౌకలో కొలువు

టొరంటో జనం సరదాకి దొర్లించే బౌలింగ్ బంతి ఒకటి యుద్ధనౌకల రాడార్ తెర ముందు కొలువుకెక్కింది. ఇంట్లో పెట్టుకోవాలనుకున్న ఆర్కేడ్ క్యాబినెట్‌కి (నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టెకి) ట్రాక్‌బాల్, అంటే అరచేత్తో దొర్లించి తెర మీది గుర్తును కదిపే బంతి, ఏ సైజుదైతే బాగుంటుందా అని వెతుకుతుంటే ఈ సంగతి కంటబడింది. ఇక ప్లైవుడ్ కొలతల మీద మనసు నిలిస్తేనా?

1950ల మొదట్లో కెనడా నౌకాదళం కోసం ఫెరాంటి కెనడా అనే సంస్థ డాటార్ వ్యవస్థను తయారుచేసింది. ఒక ఓడ రాడార్‌కి కనబడింది తక్కిన ఓడలన్నిటికీ తెలియాలన్నది దాని ఉద్దేశం. తెర మీది చుక్కను వెంటాడి గుర్తు పెట్టడానికి మనిషి చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. టామ్ క్రాన్‌స్టన్, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్, కెన్యన్ టేలర్ అనే ఇంజనీర్లు ఇచ్చింది ఫైవ్‌పిన్ బౌలింగ్ బంతి. ఆ ఆట పుట్టిల్లు టొరంటోనే. మామూలు బౌలింగ్ బంతికి వేళ్లు దూర్చే కన్నాలుంటాయి, బరువూ ఎక్కువ. ఫైవ్‌పిన్ బంతి సుమారు 5 అంగుళాల అడ్డుకొలతతో, ఒకటిన్నర కిలోల బరువుతో, కన్నాలేమీ లేకుండా నున్నగా ఉంటుంది. ఎటు దొర్లించినా ఒకేలా దొర్లడానికి అంతకంటే ఏం కావాలి! అడుగున ఆనుకున్న బిళ్లలు బంతితోపాటు తిరిగేవి, వాటి అంచులు తీగల్ని తాకినప్పుడల్లా ఒక్కో విద్యుత్ పల్స్ పుట్టేది. వాటిని లెక్కపెడితే బంతి ఎటు, ఎంత కదిలిందో తేలిపోయేది. 1953లో ఒంటారియో సరస్సులో ఓడల మీద పెట్టి పరీక్షిస్తే వ్యవస్థ పనిచేసింది. డబ్బుల్లేక అక్కడే ఆగిపోయింది. సైనిక రహస్యం కనుక పేటెంటూ తీసుకోలేదు.

నిజానికి దీనికో అన్న ఉన్నాడు. జర్మనీ నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరిన రాల్ఫ్ బెంజమిన్ 1946లోనే అక్కడి నౌకాదళానికి ఇలాంటిదే ఊహించి, మరుసటి ఏడు పేటెంట్ తీసుకున్నాడు. ఒకే ఒక్క నమూనా తయారైంది, అదీ రహస్యంగానే మూలనపడింది. తమ్ముడికి అన్న ఉన్నాడనే తెలిసి ఉండదు.

ఆ తర్వాత పదిహేనేళ్లూ ఇలాంటి బంతి ఎక్కువగా రాడార్ గదుల్లోనే గడిపింది. 1968లో జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన రైనర్ మలేబ్రైన్ దాన్ని తలకిందులు చేసి, బంతి బల్ల మీద దొర్లేలా చేతిలోకి తెచ్చాడు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన మౌస్‌ను లోకానికి చూపించడానికి కొన్ని వారాల ముందే అది అమ్మకానికి వచ్చింది. ఆ రకంగా బంతి మౌస్ అంటే బోర్లా పడ్డ ట్రాక్‌బాలే.

నన్ను అసలు కట్టిపడేసింది మాత్రం బంతి ఆర్కేడ్ ఆటల్లో వెలిగిన కాలం, 1978 నుంచి 1984 దాకా. ఆ ఆరేళ్ల ముందు మిగతా చరిత్రంతా నాకు వెలవెలబోతుంది. 1978లో అటారీ అనే వీడియో గేమ్ సంస్థ నుంచి అటారీ ఫుట్‌బాల్ వచ్చింది. నలుపు తెలుపు తెర, ఆటగాళ్లేమో ఒట్టి ఇంటూ గుర్తులూ సున్నాలూ. అయితేనేం, నాలుగున్నర అంగుళాల బంతి ఉందిగా! ఎంత వేగంగా తిప్పితే తెర మీద మనిషి అంత వేగంగా పరిగెత్తుతాడు. ఆడేవాళ్ల అరచేతులు బొబ్బలెక్కేవి. ఒక ఆట ఒంటికి వ్యాయామం కూడా కావడం నాకు మహా ఇష్టం.

1980లో మిసైల్ కమాండ్. ఆరు నగరాల మీద క్షిపణులు కురుస్తుంటే మూడు స్థావరాల నుంచి ఎదురు కాల్పులు జరిపి కాపాడాలి. దాన్ని చేసిన డేవ్ థ్యూరర్‌కి అణుదాడి పీడకలలు వచ్చేవట. ఎంత బాగా ఆడినా చివరికి నగరాలు కూలాల్సిందే. ఆ ఆటలో కర్సర్ తెర ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క విసురుతో దూకాలి. కర్రలాంటి జాయ్‌స్టిక్‌తో అది కుదిరే పని కాదు. బరువైన బంతి అయితే చెయ్యి తీసేశాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

1981లో సెంటిపీడ్. ఎడ్ లాగ్‌తో కలిసి దాన్ని చేసిన డోనా బెయిలీ అప్పటి అటారీ ఆర్కేడ్ విభాగంలో అరుదైన మహిళా ప్రోగ్రామర్. మొదట వేరే మీటలతో కుస్తీ పట్టి, చివరికి రెండుంపావు అంగుళాల చిన్న బంతి దగ్గర స్థిరపడ్డారు. 1984లో మార్క్ సెర్నీ అనే కుర్రాడు మార్బుల్ మ్యాడ్‌నెస్ చేశాడు. బంతికి మోటారు పెట్టి, తెర మీది గోళీ ఎలా ఉంటే చేతికింద అలా అనిపించాలన్నది అతని ఆలోచన. అది అమలు కాలేదు. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా బాధ కలిగించేది అదే. ఇంటి ఆటపెట్టెల్లోకి వచ్చేసరికి ఈ ఆటలన్నిటినీ ఎక్కువగా జాయ్‌స్టిక్‌తోనే ఆడించారు. బొమ్మ మిగిలింది, చేతికి తగిలే బరువు పోయింది.

అయినా బంతి చావలేదు. 1989 నుంచి అమెరికా బార్లలో గోల్డెన్ టీ గోల్ఫ్ ఆటకి మూడంగుళాల బంతిని చాచి కొడుతూనే ఉన్నారు. 2006 నాటి బ్లాక్‌బెర్రీ పెర్ల్ ఫోన్ మధ్యలో తళుక్కుమన్న పూస దీని బుజ్జి చెల్లెలు. మన ఊళ్లో స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు గమనించండి, చాలా యంత్రాల మీద డాక్టర్ వేళ్ల కింద ఓ బంతి ఉంటుంది. తెర మీద పిండం కొలతలు తీసేది దాంతోనే. రాడార్ చుక్కలు వెతికిన పరికరం ఇప్పుడు పుట్టబోయే బిడ్డ తొడ ఎముకను కొలుస్తోందంటే, దాని బతుక్కి ఇంతకంటే మంచి మలుపేముంది!

సరే, మళ్లీ క్యాబినెట్‌కి వద్దాం. నాలుగున్నర అంగుళాలది అందమే కానీ ఇంటి ప్యానెల్ సగం మింగేస్తుంది, పక్కన మీటలకి చోటుండదు. సెంటిపీడ్ కోసమైతే రెండుంపావు చాలు. మిసైల్ కమాండ్, గోల్ఫ్, బౌలింగ్ ఆడేవాళ్లకి నా ఓటు మూడంగుళాలకే. చెయ్యి పూర్తిగా పడుతుంది, విసిరితే ఆగకుండా తిరుగుతుంది. లోపల నిర్మాణం అన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే: లంబకోణంలో రెండు ఇరుసులు, ఆనుకోవడానికి ఒక బేరింగ్, ఇరుసుల చివర గాట్లున్న చక్రాలు, వాటిని చూసే కాంతి సెన్సర్లు. ఆ సెన్సర్ల సంకేతాల్ని లెక్కపెట్టే సర్క్యూట్ బోర్డు చవకబారుది కొంటే, గట్టిగా విసిరినప్పుడు గాట్ల లెక్క తప్పి కర్సర్ వెనక్కి పోతుంది. అందుకే బంతి రంగు చూసి మురిసిపోకుండా, బోర్డు ఎంత వేగాన్ని తట్టుకుంటుందో అడగాలి.

రెండుంపావు తీసుకునేవాళ్లకి ఓ చిన్న లాభం ఉంది. అది పూల్ బంతి సైజు, 57 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ బంతి తేలిగ్గా అనిపిస్తే బరువైన పూల్ బంతి తెచ్చి అందులో వేసేవాళ్లున్నారు. మన క్లబ్బుల్లో ఎక్కువగా కనబడేవి స్నూకర్ బంతులు. అవి 52.5 మిల్లీమీటర్లవి, అందులో సరిగ్గా కూర్చోవు. ఎర్రటి బంతి చూసి ఆశపడి కొనేయకండి.