ఆపిన మర్నాడు

పటాన్‌చెరులో మా పెద్దనాయిన తాగింది చెట్టు కల్లు కాదు, సీసా కల్లు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరగ్గానే ఆ సీసాలో మందు తగ్గింది. మూడో రోజుకి ఆయన చేతులు వణికాయి, నిద్ర పోయింది, లేని మనుషులతో మాట్లాడాడు. "గాలి తగిలిందిరా" అంది పెద్దమ్మ. అదే నెలలో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందలమంది ఇవే లక్షణాలతో ఆస్పత్రుల్లో చేరారు.

ఈ చరిత్ర తాటిచెట్టు దగ్గర మొదలవదు. 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. 1970 పేటెంట్ల చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇస్తానంది. బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్ళు సొంత కంపెనీలు పెట్టారు. మందుల పరిశ్రమ పటాన్‌చెరు, బొల్లారం దాకా పాకింది. ప్రపంచానికి చవగ్గా మందులిచ్చిన ఆ చేతివాటమే దొంగచాటుగా ఆల్ప్రాజోలం కూడా వండింది. సంగారెడ్డి జిల్లాలో అది పట్టుబడటం ఇప్పుడు పాత వార్త.

కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం కలపడం ముందునుంచీ ఉన్నదే. ఆల్ప్రాజోలం ఇంకా ఘాటు. డాక్టరు రాసే మాత్రలో ఉండేది పావో, అర మిల్లీగ్రామో. కిలో పొడి అంటే 20 లక్షల అర మిల్లీగ్రాము మాత్రలు. తొట్టిలో పోసి కలిపితే ఏ సీసాకి ఎంత వచ్చిందో ఎవరికి తెలుసు?

మత్తు రోజూ కిందికి లాగుతుంటే మెదడు అంతే బలంగా పైకి లాగుతుంది. నిన్నటి సీసా ఇవాళ చాలకపోవడం అందుకే. దీన్నే టాలరెన్స్ అంటారు. హఠాత్తుగా ఆపితే ఆ పైకి లాగడమే మిగులుతుంది: వణుకు, భ్రమలు, ఫిట్స్. ప్రాణమూ పోవచ్చు.

హెరాయిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ల టాలరెన్స్ కూడా ఇలాంటిదే. వాటి ఓవర్‌డోసుకి నాలోక్సోన్ విరుగుడు, ఆల్ప్రాజోలంకి అది పనిచేయదు. రెండూ కలిసినా, మద్యం తోడైనా ఊపిరి ఆగిపోవచ్చు. ఇంకో ప్రమాదం మానేశాక వస్తుంది. కొన్ని వారాల్లో ఒంటి ఓర్పు పడిపోతుంది, చెయ్యి మాత్రం పాత లెక్కే గుర్తుపెట్టుకుంటుంది. జైలు నుంచో, డీఅడిక్షన్ సెంటర్ నుంచో బయటికొచ్చిన తొలి రోజుల్లో చావులు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

పెద్దనాయినకి డాక్టరు అదే జాతి మందు ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాడు. "తాగేటోనికి మల్ల మత్తుబిల్లలేంది సార్?" అని అడిగింది నేనే. సిగ్గుపడాల్సిన ప్రశ్న అది.

2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు మళ్ళీ ప్రాణాలు తీసింది. మళ్ళీ దాడులు జరిగాయి. దుకాణానికి తాళం వెయ్యాల్సిందే. కానీ ఎక్సైజు జీపు వెనకాలే డాక్టరు జీపు కూడా రావాలి.