పొత్తిగుడ్డలు ఆరని ఊరు

మా పాప పుట్టింది డిసెంబరులో, నోయిడాలో. పురిటికి సాయం చేయడానికి అమ్మ విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చింది. ఆవిడ తెచ్చిన మూటల్లో అన్నిటికన్నా బరువైనది గుడ్డల మూట. నాన్న కట్టి కట్టి మెత్తబడ్డ పంచెలు, అమ్మమ్మ నేతచీర ఒకటి చింపి, నాలుగు మడతలు పెట్టి, అంచులు కుట్టి నలభై పొత్తిగుడ్డలు తయారుచేసింది. పసిబిడ్డకు కొత్తబట్ట తగలకూడదని మనవైపు పట్టింపు. కొత్తబట్టలో గంజి ఉంటుంది, రంగు ఉంటుంది, ఒంటికి గీసుకుంటుంది. వాడి వాడి నలిగిన నూలుకు సాటి లేదు.

మొదటివారం బాగానే గడిచింది. రెండోవారం పొగమంచు దిగింది. పదకొండో అంతస్తు బాల్కనీలో మూడు తాళ్ల మీద వేసిన గుడ్డలు మూడు రోజులైనా ఆరలేదు. పొద్దున తడిగా ఉన్నవి సాయంత్రానికి మరింత చల్లబడి ఉండేవి. వాటికి ముక్కిన వాసన పట్టింది. అమ్మ ఒక్కొక్కటీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది, మిగిలినవి రూమ్ హీటర్ ముందు కుర్చీల మీద పరిచింది. "ఇదేం ఊరే తల్లీ, సూర్యుడు పదకొండింటికి వచ్చి మూడింటికే వెళ్లిపోతున్నాడు!" అనేది. జనవరి మూడో తారీఖున, రాత్రి రెండు గంటలకి ఆఖరి పొడిగుడ్డ కూడా తడిసిపోయాక తనే అంది: "ఇంక ఆ కాగితం లాగులేవో తెప్పించవే. పిల్ల ఒళ్లు తడిలో నానకూడదు."

మా ఇంట్లో గుడ్డ ఓడిపోయింది ఆ రాత్రి. అప్పట్నుంచి ఈ రెండు వస్తువులూ ఎక్కడివి, ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చాయి అని వెతుక్కుంటూ వచ్చాను.

గుడ్డ చరిత్రను మన భాషే దాచిపెట్టింది. పుట్టిన బిడ్డను "పొత్తిళ్లలో బిడ్డ" అంటాం. పొత్తి అంటే మెత్తటి బట్ట. బిడ్డకు పేరు పెట్టకముందే తెలుగులో ఒక గుడ్డ పేరుతో గుర్తింపు వస్తుంది. ఢిల్లీ వాళ్ల హిందీలోనూ పసివాళ్ల గుడ్డను పోత్‌డా అంటారు. పుట్టుకతోనే ధనవంతుణ్ణి "పోత్‌డోంకా రయీస్" అంటారు, అంటే పొత్తిళ్ల నాటి నుంచే శ్రీమంతుడని. ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో భాషా శాస్త్రవేత్తలు తేల్చాలి గాని, చెవికి మాత్రం అవి అక్కచెల్లెళ్లలాగే వినిపిస్తాయి.

అయితే పొత్తిగుడ్డ ఒంటరిగా ఎప్పుడూ పనిచేయలేదు. దాని వెనక ఒక పెద్ద ఏర్పాటు ఉండేది. కాళ్లు బారచాపి కూర్చుని, పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి, నోటితో "ఉస్..." అంటూ శబ్దం చేసే అమ్మమ్మ ఉండేది. బిడ్డ ఏ గంటకు తడుపుతుందో ఆవిడకు తెలుసు. కాబట్టి సగం గుడ్డలు తడిసేవే కావు. పెరట్లో నుయ్యి, దండెం నిండా ఎండ ఉండేవి. ఇంకొకరూ ఉండేవారు, ఆవిడ గురించి మనం తక్కువ మాట్లాడతాం. పురుటిగుడ్డలు మైల అని ఇంటివాళ్లు ముట్టుకునేవారు కాదు. చాకలి ఆవిడ వచ్చి మూటగట్టి పట్టుకెళ్లేది. చౌడుమట్టి పెట్టి, బానలో ఆవిరికి ఉడికించి, రేవులో బండకేసి ఉతికి, ఆరబెట్టి తెచ్చేది. కూలీగా కొన్ని మానికల గింజలు, పాతబట్టలు. "మా రోజుల్లో గుడ్డలతోనే పెంచాం" అని పెద్దవాళ్లు అన్నప్పుడల్లా నాకు ఆ చేతులు గుర్తొస్తాయి. గుడ్డ చవగ్గా కనిపించడానికి ఆవిడ శ్రమ చవక కావడమే సగం కారణం.

ఇక సముద్రాల అవతలి సంగతి. డైపర్ అనే మాట మొదట పిల్లలది కాదు, నేతది. చిన్న చిన్న వజ్రాల ఆకారంలో గళ్లు తేలేలా నేసిన తెల్లటి బట్టను అలా పిలిచేవారు. ఆ బట్టను పిల్లలకు కట్టగా కట్టగా పేరు వాళ్లకే మిగిలింది. గుడ్డను బిగించడానికి వాడే పిన్నీసుకు 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ పేటెంట్ పొంది, 400 డాలర్లకు దాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత వందేళ్ల దాకా చదరపు గుడ్డ, రెండు పిన్నీసులు, తర్వాతి రోజుల్లో పైన గాలాడని రబ్బరు లాగు, ఇదే పద్ధతి.

మార్పు తెచ్చినవాళ్లు తల్లులే. 1946లో అమెరికాలో మారియన్ డోనోవన్ అనే ఆవిడ స్నానాలగది పరదాను కత్తిరించి, కుట్టుమిషను మీద గుడ్డ పైన తొడిగే కవరు కుట్టింది. పిన్నీసుల బదులు నొక్కు గుండీలు పెట్టింది. పడవలా కనిపిస్తుందని దానికి "బోటర్" అని పేరు పెట్టి, 1949లో సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టింది. రెండేళ్ల తర్వాత హక్కులను పది లక్షల డాలర్లకు ఇచ్చేసింది. ఆ డబ్బుతో ఆగకుండా, వాడి పారేసే కాగితపు డైపర్ తయారుచేద్దామని కంపెనీల చుట్టూ తిరిగింది. అవసరం లేని వస్తువని వాళ్లు తిప్పిపంపారు. దాదాపు అదే సమయంలో బ్రిటన్‌లో వాలరీ హంటర్ గోర్డన్ అనే సైనికాధికారి భార్య గుడ్డలు ఉతకలేక విసిగి, పారాచూట్ నైలాన్‌తో లాగు కుట్టి, లోపల దూదిలాంటి కాగితపు మెత్త పెట్టింది. దాని పేరు ప్యాడీ. ఈ ఇద్దరు స్త్రీల పేర్లు ప్యాకెట్ల మీద ఎక్కడా కనబడవు. ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది.

పేరు, లాభం దక్కింది ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌కు. అక్కడి రసాయన ఇంజినీరు విక్టర్ మిల్స్ 1956లో తన మనవడి గుడ్డలు మార్చలేక ఈ పనిలో దిగాడు. మొదటి పరీక్ష వేసవిలో, డాలస్‌లో చేశారు. ప్లాస్టిక్ లాగులో పిల్లలు ఉడికిపోయారు, పరీక్ష విఫలమైంది. జూన్‌లో గురుగ్రామ్‌లో పిల్లలను పెంచిన వాళ్లకు ఆ వైఫల్యం ఎందుకో వివరించక్కర్లేదు. 1961లో ప్యాంపర్స్‌ను ఇల్లినాయ్‌లోని పియోరియాలో అమ్మి చూశారు. ఒక్కోటి పది సెంట్లు. తల్లులకు నచ్చింది గాని ధర నచ్చలేదు. యంత్రాల వేగం పెంచి ఆరు సెంట్లకు దించాకే అది ఇళ్లలోకి వెళ్లింది.

అప్పటి డైపర్ లావుగా, తడిస్తే జారిపోయేలా ఉండేది. ఈనాటి పల్చటి డైపర్‌కు ప్రాణం పోసింది సోడియం పాలీయాక్రిలేట్ అనే తెల్లటి పలుకులు. స్వచ్ఛమైన నీటినైతే ఇవి తమ బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటాయి. మూత్రంలో ఉప్పు ఉంటుంది గనక ముప్ఫై రెట్ల దాకా పట్టి, జిగురుముద్దగా మారి మళ్లీ వదలవు. 1980ల మొదట్లో జపాన్ కంపెనీలు వీటిని డైపర్లలోకి తెచ్చాయి. అందుకే బిడ్డ రాత్రంతా నిద్రపోతుంది, తల్లి కూడా నాలుగు గంటలు కునుకు తీస్తుంది. ఆ నాలుగు గంటల నిద్ర విలువ తెలియనివాళ్లు డైపర్ వేసే తల్లిని బద్ధకస్తురాలు అనకూడదు.

జపాన్ దారిలోనే ఇది మన వాకిట్లోకి వచ్చింది. యూనీచార్మ్ కంపెనీ 1992లో తమ దేశంలో మూనీమాన్ పేరుతో లాగులా తొడిగే రకం తెచ్చింది. అదే కంపెనీ మామీపోకో ప్యాంట్స్‌తో భారతదేశానికి వచ్చి, ఢిల్లీ-జైపూర్ రహదారి మీద నీమ్రానా జపనీస్ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ పెట్టింది. నీమ్రానా ఉన్న ప్రాంతం రాజస్థాన్‌దే అయినా జాతీయ రాజధాని ప్రాంతం లెక్కలోకి వస్తుంది. తర్వాత మన సత్యవేడు దగ్గర శ్రీసిటీలోనూ పెట్టారు. అప్పటికే హగ్గీస్, ప్యాంపర్స్ ఇక్కడ ఉన్నాయి. వాటిలో పక్కల అంటించే పట్టీల రకం ఎక్కువ. పట్టీలు వేయాలంటే బిడ్డను పడుకోబెట్టాలి, బిడ్డ కదలకూడదు. పాకే బిడ్డ పడుకుంటుందా? లాగు రకమైతే నిలబెట్టి తొడగొచ్చు. తాతగారికీ చేతనవుతుంది, పనిమనిషికీ చేతనవుతుంది. ఆ చిన్న తేడాతో ఇక్కడి మార్కెట్ లాగుల వైపు ఒరిగిపోయింది. మా అపార్ట్‌మెంట్ కింద కిరాణా కొట్టులో షాంపూ పొట్లాల పక్కనే రెండు మూడు లాగుల చిన్న ప్యాకెట్లు వేలాడుతుంటాయి. డ్రైవర్లూ, సెక్యూరిటీ గార్డులూ ఊరికి వెళ్లేటప్పుడు రైలు ప్రయాణానికని కొనుక్కెళతారు.

ఢిల్లీ చుట్టుపక్కల గుడ్డ నిలవకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. బోరునీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు, నాలుగు ఉతుకులకు నూలు అట్టలా బిరుసెక్కుతుంది. చాలా సొసైటీల్లో వేసవి వస్తే ట్యాంకరు కోసం కాచుకోవాలి. ఇంటిపనికి వచ్చే అమ్మాయి గిన్నెలు తోముతుంది గాని మలం అంటిన గుడ్డలు ఉతకనంటుంది. ఆ మాట అనగలిగే రోజు ఆమెకు వచ్చినందుకు నాకు సంతోషమే. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆరునెలల తర్వాత బిడ్డను క్రెష్‌లో వదలాలంటే రోజుకు నాలుగు డైపర్లు సంచిలో పెట్టి పంపమంటారు, గుడ్డలు తీసుకోరు. అమ్మమ్మ మూడు నెలలకు జీటీ ఎక్కి వెళ్లిపోతుంది. ఇన్ని పోయాక గుడ్డ మాత్రం ఎలా నిలుస్తుంది?

పర్యావరణం మాట ఎత్తితే గుడ్డే మంచిదని అందరూ చటుక్కున అనేస్తారు. బ్రిటన్ ప్రభుత్వం 2008లో లెక్క కట్టించింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్లకు పారేసే డైపర్లతో సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు, సగటు పద్ధతిలో ఉతికే గుడ్డలతో సుమారు 570 కిలోలు. వేడినీళ్లు, ఆరబెట్టే యంత్రం వాడితే గుడ్డ భారం ఇంకా పెరుగుతుంది. తాడు మీద ఆరేస్తే బాగా తగ్గుతుంది. అంటే తెనాలి ఎండలో గుడ్డ నిస్సందేహంగా గెలుస్తుంది. జనవరి నోయిడాలో హీటర్ ముందు ఆరేసిన నా గుడ్డలు గెలిచి ఉండవు. అందుకే నేను ఏప్రిల్ వచ్చాక పగటిపూట మళ్లీ గుడ్డలు కట్టాను, రాత్రికి డైపర్ ఉంచాను. ఎండ ఉన్న ఎనిమిది నెలలూ అలా చేయగలిగినవాళ్లు చేయాలనే నా అభిప్రాయం. బిడ్డ ఒంటికీ అది హాయి. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ మార్కెట్లోని డైపర్లను పరీక్షిస్తే వాటిలో థాలేట్లు అనే రసాయనాలు బయటపడ్డాయి. రోజంతా చర్మానికి అంటుకుని ఉండే వస్తువు విషయంలో ఆ కబురు చిన్నది కాదు.

లెక్కలో రాని ఇంకో సంగతి ఉంది. రోజుకు ఆరు చొప్పున వేసుకున్నా రెండేళ్లకు నాలుగువేలు దాటుతాయి. పైపొర పాలీప్రొపిలీన్, మధ్యన పైన్ చెట్ల గుజ్జు, ఆ పలుకులు, అడుగున పాలిథిన్, నడుముకు సాగే దారం. ఇవి తేలిగ్గా విడదీయడానికి రావు, ప్లాస్టిక్ కుళ్లదు, చివరికి చెత్తగుట్టకే చేరతాయి. తూర్పు ఢిల్లీ గాజీపూర్ చెత్తగుట్ట 1984లో మొదలైంది, 2002కే నిండిపోయింది, అయినా ఆపలేదు. 2017 సెప్టెంబరులో అందులో ఒక పక్క విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2019 నాటికి దాని ఎత్తు 65 మీటర్లు, కుతుబ్ మీనార్ 73. భల్‌స్వా, ఓఖ్లా, గురుగ్రామ్ వైపు బంధ్వాడీ కూడా ఇలాంటి గుట్టలే.

మా డైపర్లు ఏమవుతున్నాయో తెలుసుకోవడానికి నాకు గుట్ట దాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. ఒకరోజు పొద్దున కారు కోసం బేస్‌మెంట్‌కు దిగితే, మా అంతస్తులో చెత్త తీసుకునే అబ్బాయి నేలమీద కూర్చుని చేత్తో ఏరుతున్నాడు. సీసాలు ఒక పక్క, అట్టలు ఒక పక్క. ఒక సంచి విప్పగానే లోపలున్న డైపర్లు ఉబ్బి, తెరుచుకుని, జిగురు అతని చేతికి అంటింది. సంచికి నేను వేసే నీలం దారం ముడి ఉంది. మా ఇంటిదే. మైల అని మా తాతమ్మ ముట్టుకోకుండా చాకలి ఆవిడకు అందించిన మూట, నాలుగో తరంలో నా చేతి నుంచి ఈ పిల్లవాడి చేతికి వెళ్లింది. ఉతికే పని పోయిందనుకున్నాను. ఇంకొకరికి అంటగట్టాను.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఈ విషయంలో స్పష్టంగానే చెప్పాయి. వాడిన డైపర్‌ను తయారీదారు ఇచ్చిన సంచిలో గాని, తగిన కాగితంలో గాని చుట్టి పొడిచెత్త బుట్టలో వేయాలన్నాయి. ప్రతి ప్యాకెట్‌తో ఆ సంచులు ఇవ్వడం తయారీదారుల బాధ్యత అన్నాయి. నేను కొన్న ప్యాకెట్లలో అలాంటి సంచి ఒక్కసారీ దొరకలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, మంచిదే. ఆ తగ్గిన ఖర్చులో పది కాగితపు సంచులకు చోటు లేకపోదు. పుణేలో చెత్త ఏరే కార్మికుల సహకార సంఘం స్వచ్ఛ్ మరీ తేలిక మార్గం చూపింది: పాతపేపర్లో చుట్టి, పైన ఎర్రచుక్క పెట్టడం. చుక్క చూస్తే విప్పకూడదని ఏరేవాళ్లకు తెలుస్తుంది.

మీ ఇంట్లో డైపర్ వాడితే సిగ్గుపడకండి. మలం టాయిలెట్‌లో దులపండి, డైపర్‌ను బిగించి చుట్టండి, పేపర్లో మడవండి, ఎర్రచుక్క పెట్టండి, విడిగా అందించండి. అరనిమిషం పని. మా చెత్తబుట్ట పక్కన మేకుకు ఎర్ర స్కెచ్ పెన్ను దారంతో కట్టి ఉంచాను. మీరూ ఒకటి కట్టండి.