జిగర్‌కు చేదు మందు – యునానీ చరిత్రలో కొన్ని సంగతులు

మన ఇళ్లల్లో ఎవరికైనా కామెర్లు వచ్చాయంటే చాలు, పక్కింటి నానీ ఒక మందు చెబుతుంది, మామూ ఇంకొకటి చెబుతాడు. ఒకరు నేల ఉసిరి పసరు అంటే ఇంకొకరు కాస్నీ అర్క్ అంటారు, మరొకరు నేలవేము కషాయం అంటారు. అన్నీ చేదే. కామెర్లకూ చేదుకూ ఈ సంబంధం ఎక్కడ మొదలైంది, ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చింది అనేది మన పిల్లలకు తెలియదు, పెద్దల్లోనూ చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. యునానీ అంటే ముస్లింల వైద్యం అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. యునాన్ అంటే గ్రీసు దేశం. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమ్ నగరంలో పేరు గడించిన గ్రీకు హకీం జాలీనూస్ (గాలెన్ అన్నా ఈయనే) చెప్పిన సిద్ధాంతమే దీనికి పునాది. శరీరంలో నాలుగు ఖిల్త్‌లు ఉంటాయి: ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా. తిన్న అన్నం జిగర్‌లో, అంటే కాలేయంలో, రక్తంగా మారుతుందనీ, అక్కడే సఫ్రా అనే పసుపుపచ్చని పైత్యరసం విడిపోయి పిత్తాశయంలో చేరుతుందనీ వారి నమ్మకం. దారిలో సుద్దా (అడ్డు) పడితే సఫ్రా వెనక్కి తన్ని ఒళ్లంతా పాకుతుంది, కళ్లు పచ్చబడతాయి. దీనికే యర్ఖాన్ అని పేరు. ఆ అడ్డును తెరిచే గుణం చేదుకు ఉందన్నారు. రక్తం జిగర్‌లో తయారవుతుందనే మాట తర్వాత నిలవలేదు. కానీ పిత్తనాళం మూసుకుపోతే కామెర్లు వస్తాయనే మాటను ఈనాటి సర్జన్ కూడా ఒప్పుకుంటాడు.

9వ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల బాగ్దాదులో, ఈ గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. తర్జుమా చేసినవారిలో అందరికంటే పేరున్నవాడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. ఆయన క్రైస్తవుడు. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. ఇల్మ్‌కు మజ్‌హబ్ అడ్డు కాదని ఆ ఖలీఫాలకు బాగా తెలుసు.

ఇక ఇబ్న్ సీనా. 980లో బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో కన్ను మూసిన ఈ మహానుభావుడి "అల్ ఖానూన్" పేరు వినని వారుండరు. కానీ ఆయన ఒక్క కాస్నీ మీదే ఒక చిన్న రిసాలా రాశాడని ఎంతమందికి తెలుసు? అరబీలో కాస్నీని హిందబా అంటారు. హకీములు కాస్నీ ఆకును కడగకుండా వాడమంటారు, ఎందుకు? ఇదీ అందులో ప్రశ్న. అడ్డును తెరిచే సూక్ష్మమైన సారం ఆకు పైపొర మీద ఉంటుంది, కడిగితే అది నీళ్లలో పోతుందని ఆయన వాదన. ఒక ఆకు కడగాలా వద్దా అన్నదానికి అంత పెద్ద హకీం కలం పట్టాడంటే, ఆ రోజుల్లో మందు తయారీని ఎంత శ్రద్ధగా చూసేవారో అర్థమవుతుంది. (మోరీ నీళ్లతో పండించే ఈనాటి ఆకులకు మాత్రం ఈ సలహా పాటించకండి. బాగా కడగండి.)

హకీములు పచ్చి పసరును అలాగే తాగించరు. ఆకు దంచి, పసరు తీసి, సన్నని సెగ మీద పెడతారు. కాసేపటికి పాలు విరిగినట్టు పచ్చదనమంతా తరకలుగా విడిపోతుంది. గుడ్డలో వడగడితే తేట నీరు దిగుతుంది. దీన్నే మురవ్వఖ్ అంటారు. కాస్నీ మురవ్వఖ్, మకో (మన కామంచి ఆకు) మురవ్వఖ్ రెండూ కలిపి ఇవ్వడం జిగర్ వాపుకు పాత నుస్ఖా. షర్బత్ బజూరీలో కాస్నీ గింజలు, వేరు, ఖర్బూజా గింజలు, దోస గింజలు పడతాయి, చేదు తెలియకుండా చక్కెర పాకం పడుతుంది. షుగరు ఉన్నవాళ్లు ఆ చివరి మాట మరచిపోతుంటారు.

చేదులో కాస్నీకి అన్న లాంటిది అఫ్సంతీన్. జిగర్‌కు, కడుపులో పురుగులకు వాడేవారు. యూరపు వాళ్లు అదే మొక్కతో సారాయి కాచి తాగారు. అది ఎంతకు దారితీసిందంటే, 1915లో ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని నిషేధించవలసి వచ్చింది. మందు ఒకటే, చేతులు వేరు.

హిందుస్థాన్‌కు వచ్చాక కథ మారింది. హకీములు తెచ్చిన మూలికలు కొన్ని ఇక్కడ దొరకలేదు, దొరికినా వాటి ధర ఎక్కువ. ఇక్కడి వైద్యుల దగ్గర మాత్రం చేదుకు కొదవ లేదు: కటుకరోహిణి, చిరాయతా, వేప, తిప్పతీగ. 1512లో సికందర్ లోదీ కాలంలో భువా ఇబ్న్ ఖవాస్ ఖాన్ అనే వజీరు సంస్కృత వైద్య గ్రంథాల సారాన్ని ఫారసీలో పెట్టాడు. మన దక్కనులో బీజాపూర్ చరిత్రకారుడు ఫరిష్తా కూడా హిందూ వైద్యం మీద ఫారసీలో ఒక పుస్తకం రాశాడు. 1595లో ముహమ్మద్ కులీ ఖుతుబ్ షా హైదరాబాదులో దారుష్షిఫా కట్టించేనాటికే ఈ రెండు ధారలూ కలిశాయి. అందుకే హకీం గారి నుస్ఖాలో కుట్కీ కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంకో చిత్రం: అసలు చిరాయతా హిమాలయాల మొక్క. బజారులో చిరాయతా అని కట్టి ఇచ్చేది చాలాసార్లు మన పొలం గట్ల నేలవేమే.

హకీం అజ్మల్ ఖాన్ పాత విద్యను కొత్త సైన్సు ముందు నిలబెట్టాలనుకున్నాడు. ఆయన ఢిల్లీ తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. నేలవేము చేదుకు కారణమైన పదార్థాన్ని 1911లోనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. జంతువుల మీద అది జిగర్‌ను కొంత కాపాడినట్టు తేలింది. మనుషుల మీద అంత గట్టి రుజువు ఇంకా రాలేదు.

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. 1955 చివర్లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి, సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఆ జబ్బుకు కారణం హెపటైటిస్ ఇ అనే వైరస్ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. నీళ్ల వల్ల వచ్చే ఇలాంటి కామెర్లు చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అందువల్ల ఆ వారాల్లో ఏ పసరు తాగితే ఆ పసరుకే పేరు వస్తుంది! చేతికి వేరు కట్టినవాడికీ, తలంటి పసుపు నీళ్లు దించినవాడికీ అదే పేరు. కానీ రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లను ఏ చేదూ తగ్గించదు. చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి, మట్టి రంగు విరేచనం కనబడితే గంటలు లెక్క. ఇక గర్భిణీ స్త్రీకి, అందులోనూ చివరి మూడు నెలల్లో, హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటప్పుడు దవాఖానాకు పోకుండా వారం రోజులు పసరు పోస్తూ కూర్చోవడం మనకు ఏ హకీమూ నేర్పలేదు.

చేదు ఎంతైనా తాగవచ్చు, నష్టం లేదు అనే మాట కూడా చెల్లదు. కరోనా కాలంలో, 2020లో, ముంబాయిలో తిప్పతీగ రోజూ వాడిన కొందరికి జిగరే దెబ్బతిన్నదని అక్కడి డాక్టర్లు 2021లో ప్రకటించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాదన ఎలా ఉన్నా, డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఇంట్లో తాగుతున్న కషాయం పేరు దాచవద్దు. సీసా ఉంటే సీసాతో సహా తీసుకుపోయి చూపించండి.